ఉత్తుత్తి బ్రేకు

ఆమె కాలి కింద ఉన్న బ్రేకు పనిచెయ్యదు. ఆ సంగతి నాకు తెలుసు, మెకానిక్‌కి తెలుసు, ఆమెకి తెలియదు. ఇరవై ఒక్క ప్రయాణాలుగా తెలియకుండా నెట్టుకొచ్చాను. ఈ గంటలో చెప్పి తీరాలి. ఎందుకంటే పదిన్నరకి ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలో ఒక అమ్మాయి ఈ స్టీరింగ్ ముందు కూర్చోబోతోంది, ఆ అమ్మాయి ఇప్పటికి మూడుసార్లు డ్రైవింగ్ పరీక్ష తప్పింది, తను కంగారుపడితే కారుని ఆపవలసింది మా ఆవిడ కుడికాలు, ఆ కాలి కింద ఉన్నది ఒట్టి ఇనుపముక్క. ఇది డ్రైవింగ్ నేర్పే కారు, పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకుంటుంది. తొమ్మిదిన్నర. ఇంటి గేటు దాటాం. సీటు బెల్టు టక్కుమంది. ఆ టక్కు వినపడగానే నా పక్కనున్న మనిషి మారిపోతుంది. ఇంట్లో నన్ను ‘ఏవండీ’ అని పిలిచే మనిషి కారెక్కాక ‘నువ్వు’ అంటుంది. ‘కారులో అందరూ నువ్వే, జడ్జిగారొచ్చి కూర్చున్నా నువ్వే’ అని మొదటి పాఠంలోనే చెప్పేసింది. నేను మాత్రం ‘మేడం’ అనాలి. ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన పెళ్లాన్ని మేడం అనడానికి మొదటి రెండు రోజులు నాలుక తిరగలేదు. ఇప్పుడు అలవాటైపోయి ఒకసారి ఇంట్లో కూడా, తువ్వాలు ఎక్కడుంది మేడం అన్నాను.

“చెప్పు,” అంది.

చెప్పడమంటే కనబడింది కనబడినట్టు పైకి చెప్పడం. అది ఆమె పద్ధతి. ఇరవై రెండేళ్లుగా డ్రైవింగ్ స్కూల్లో ప్రతి స్టూడెంటు చేతా అలాగే చెప్పించింది. నోరు చెబుతుంటే కన్ను నిద్రపోదని ఆమె సిద్ధాంతం. నాలాంటివాడికి అదెంత కష్టమో ఆమెకి తెలియదు. నేను కోర్టులో స్టెనోని, ఇప్పుడు సెలవులో ఉన్నాను. ముప్ఫై ఏళ్లు అందరూ చెప్పింది రాసుకున్నాను గానీ నా అంతట నేను ఒక్క ముక్క చెప్పలేదు. సాక్షి చెప్పాడు, రాశాను. లాయరు అరిచాడు, రాశాను. జడ్జిగారు దగ్గారు, అది రాయలేదు. అలాంటివాడిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి ఇప్పుడు నువ్వు చెప్పు అంటే ఎలా?

“పాలవ్యాను, కుడివైపు, ఆగి ఉంది. ఎడమ పక్క సైకిలు మీద ముసలాయన, మన దారిలోకే వస్తాడనిపిస్తోంది. ముందు స్కూలు బస్సు.”

“సైకిలు రంగు?”

“రంగెందుకు మేడం?”

“నాకోసం. ఎడమ పక్క ఉంది కదా.”

ఎరుపు అన్నాను. పాతబడ్డ ఎరుపు, వెనక క్యారియర్ మీద కొత్త చీపురు కట్టి ఉంది అన్నాను. ఆమె నవ్వుకుంది. ఎడమ సగం ఆమెకి లేదు. చీకటిగా ఉండటం కాదు, మసగ్గా ఉండటం కాదు, అసలు లేదు, మన వీపు వెనక మనకి ఏముందో అంతే ఉంది ఆమెకి ఎడమవైపు. తలలో కుడివైపు వెనగ్గా నిమ్మకాయంత కణితి. మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, కారు. వారంలో మూడుసార్లు గేటుకి ఎడమ అద్దం గీసుకుంది. మొదటిసారి గేటుని తిట్టింది, రెండోసారి నన్ను తిట్టింది, మూడోసారి ఎవరినీ తిట్టలేదు. ఆ తర్వాత ఒక స్టూడెంటు, పాపం కొత్తగా చేరినవాడు, మేడం ఎడమ పక్క మనిషి మేడం అని కేకేశాడట. ఆమె తలెత్తి చూస్తే అక్కడ ఎవరూ లేరు. తల పూర్తిగా తిప్పితే ఉన్నాడు. కారు పక్కకి తీయించి ఆపి, స్టూడెంటుని ఆటోలో ఇంటికి పంపించేసి, స్కూలుకి ఫోన్ చేసి వేరే డ్రైవరుని పిలిపించి ఇంటికొచ్చింది. తాళాలు నా చేతిలో పెట్టింది, అప్పటిదాకా స్టీరింగ్ ముట్టనివాడి చేతిలో. ‘ఇంక నేను నడపను’ అంది, టీ పెట్టనా అన్నట్టుగా. అప్పటికింకా డాక్టరు పేరు కూడా మాకు తెలియదు; ఆపరేషనూ, అందరూ కరెంటు అనే రేడియేషనూ ఆ తర్వాత.

పెద్ద రోడ్డెక్కాం. ఎడమ అద్దం, కుడి అద్దం, నడిమి అద్దం. ఇప్పుడు చెప్పెయ్యాలి. ఎలా మొదలుపెట్టాలి? ‘నీకొకటి చెప్పాలి’ అని మొదలుపెడితే పొద్దున స్కాను గురించి ఫోనేమైనా వచ్చిందా అని హడలిపోతుంది. ‘నీ మంచికే చేశాను’ అని మొదలుపెడితే మిగతాది వినదు. కోర్టులో నేను గమనించిన ఒక విషయం ఏమిటంటే, తప్పు చేసినవాడు వివరాలు ఎక్కువ చెబుతాడు. ఆ రోజు వాన పడుతోందండి, నేను నీలం చొక్కా వేసుకున్నానండి, మా బావమరిది ఫోన్ చేశాడండి. చెయ్యనివాడు గుర్తులేదంటాడు, అంతే. కాబట్టి నేను తక్కువలో చెప్పాలి. బ్రేకు తీయించాను. రెండు ముక్కలు. షార్ట్‌హ్యాండ్‌లో రెండు గీతలు, ఒక చుక్క. ముప్ఫై ఏళ్లలో ఎన్ని వేల పేజీలు రాశానో, ఈ రెండు గీతలూ ఒక చుక్కా నోట్లోంచి రావడం లేదు. నీళ్లు నములుతున్నాను.

“క్లచ్ మీద కాలు పడుకోబెట్టావు.”

తీసేశాను. ఎలా కనిపెడుతుందో తెలియదు. నా కాళ్లు ఆమెకి కుడివైపే ఉంటాయి, అందువల్ల కావచ్చు. ఒకసారి అంది, నాకు మిగిలిన సగంలో నువ్వున్నావు, అటు పక్క కూర్చుని ఉంటే రోడ్డు చూసేదాన్ని కానీ నువ్వు కనపడేవాడివి కాదు అని. అది మెచ్చుకోలా ఫిర్యాదా అని రెండు రోజులు ఆలోచించాను. ఒక సంగతి ఒప్పుకోవాలి. పైకి చెప్పగలిగినది కాదు, ఎవరైనా వింటే ఇదేం మనిషిరా అనుకుంటారు. ఈ గంట నాకు ఇష్టం. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా, వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు. ఇరవై ఆరేళ్లలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని రోజూ ఒక గంట మాట్లాడుకున్నది ఎప్పుడు? ఆమె పొద్దున ఆరింటికి మొదటి స్టూడెంటు కోసం వెళ్లిపోయేది, నేను కోర్టు నుంచి ఫైళ్లు మోసుకొచ్చి రాత్రి దాకా టైపు కొట్టేవాడిని. మాకు పిల్లల్లేరు. ఎవరైనా అడిగితే ఆమె రెండు వేల మంది అనేది, అందరికీ నడక నేర్పాను, చక్రాల మీద. ఇవాళ ముప్ఫయ్యోది, ఆఖరిది. రేపటి నుంచి ఈ ప్రయాణం లేదు. తలకి కరెంటు పెట్టడం అయిపోయిందని సంతోషించాల్సినవాడిని, స్కూలు మూసేస్తున్నట్టు గుబులుగా ఉంది.

మిగతా ఇరవై మూడు గంటల సంగతి వేరు. వాపు తగ్గించే మాత్రలు ఆమెకి ఆకలినిచ్చాయి, నిద్ర తీసుకుపోయాయి, మొహాన్ని గుండ్రంగా చేశాయి. కోపం ఎప్పుడూ ఉండేదే, ఇప్పుడు దానికి వేళాపాళా లేదు. పళ్లెంలో కుడి సగం తిని, ఇంతేనా పెట్టేది, నన్ను మాడ్చి చంపుతారా అని అరుస్తుంది. నేను పళ్లెం సగానికి తిప్పుతాను. మిగతా సగం ప్రత్యక్షమవుతుంది. మొదటిసారి తిప్పినప్పుడు ఆమె పళ్లేన్ని చూసి, నన్ను చూసి, ఈ గారడీ ఎక్కడ నేర్చుకున్నారండీ అంది. ఎడమ చెప్పు కోసం ఇల్లంతా వెతుకుతుంది, అది కాలికే ఉంటుంది. మాత్రల డబ్బా ఒకసారి గోడకేసి కొట్టింది. మంచం కిందా బీరువా కిందా పాకుతూ పన్నెండు మాత్రలు ఏరాను, పదమూడోది ఇప్పటికీ దొరకలేదు. ఒక పొద్దున స్నానాల గదిలో కుళాయి తిప్పి కూర్చున్నాను, స్నానానికి కాదు. ఎంతసేపయిందో. తలుపు మీద రెండు దెబ్బలు. ‘ఏవండీ, ఏడుపయిందా? నీళ్లు వృథా అవుతున్నాయి.’ బయటికొచ్చాను. టీ పట్టుకుని నిలబడి ఉంది. తనే పెట్టింది. సాసర్ ఎడమవైపు సగం టీ ఒలికి ఉంది. ఆ టీ తాగాను, అంత బాగున్న టీ ఎప్పుడూ తాగలేదు, చక్కెర రెండుసార్లు వేసినట్టుంది.

“ఫ్లైఓవర్ వస్తోంది,” అంది.

“చూశాను మేడం.”

“చూశానని కాదు, చెప్పు.”

“ఫ్లైఓవర్. రెండు వరసలు. వెనక లారీ, దగ్గరగా ఉంది. ముందు ఎవరూ లేరు.”

ఇక్కడే. తొమ్మిదో రోజు, సరిగ్గా ఈ ఎత్తు మీద, మూడో దీపస్తంభం దగ్గర. ముందు ఖాళీ రోడ్డు. నేను నాలుగో గేరులో ఉన్నాను, మొదటిసారి నాలుగో గేరుని అనుభవిస్తున్నాను, అంతలో ఆమె కాలు బ్రేకు మీద పడింది. తొక్కడం కాదు, దూకినట్టు. కారు కీచుమని నిలబడిపోయింది. నా నుదురు స్టీరింగ్‌కి తగిలింది. వెనక నుంచి హారన్, టైర్ల అరుపు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అద్దంలో లారీ ముందుభాగం తప్ప ఇంకేమీ లేదు, దాని మీద రాసిన అక్షరాలు తిరగబడి కనిపించాయి. ‘గుర్రం’ అంది ఆమె. ‘తెల్ల గుర్రం, అడ్డంగా నడిచింది.’ ఫ్లైఓవర్ మీద గుర్రం. లారీ డ్రైవరు దిగి వచ్చాడు. నోరు తెరిచి, కిటికీలోంచి ఆమె తలకి కట్టిన గుడ్డనీ కింద కుట్ల గుర్తునీ చూసి, మూసేశాడు. ‘నెమ్మదిగా వెళ్లండి అన్నా’ అని మా కారుకీ తన లారీకీ మధ్య చెయ్యి పెట్టి చూపించాడు. ఒక జానెడు. అంతే ఉంది.

ఆ సాయంత్రమే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఇరవై రెండేళ్లుగా ఈ కారుకీ దీనికి ముందున్న రెండు కార్లకీ అతనే దిక్కు, ఆమెని చెల్లెమ్మా అంటాడు, ఆ వరసన నేను బావగారిని. పక్క సీటు బ్రేకు తీసెయ్యమన్నాను. తీసేసినట్టు తెలియకూడదన్నాను. అతను కారు కిందికి దూరాడు. ‘రాడ్డు విప్పేసి కింద స్ప్రింగు పెడతాను బావగారూ, తొక్కితే తొక్కినట్టే ఉంటుంది’ అంది కారు కింది నుంచి గొంతు. చెల్లెలికి తెలుస్తుందేమోనయ్యా అన్నాను. పాకుతూ బయటికొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ‘చెల్లెమ్మకా?’ అన్నాడు. అదేం మాటని నేను అడగలేదు. అప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే. లైసెన్సు పోయింది. సగం చూపు పోయింది. నిద్ర, జుట్టు, రుచి పోయాయి. ఊళ్లో అందరూ ఆమెని బ్రేకు మేడం అంటారు. ఆ బ్రేకొక్కటే మిగిలింది. దాన్ని నేనే పీకేశాను, దొంగలాగా, సాయంత్రం నాలుగున్నరకి.

అప్పటి నుంచీ నాకు రెండు ఉద్యోగాలు. ఒక కంటితో రోడ్డు, ఇంకో కంటితో ఆమె కుడి మోకాలు. ఆ మోకాలు కదిలిన మరుక్షణం నా కాలు బ్రేకు మీద ఉండాలి. ఆమె ఎంత తొక్కితే నేనంత తొక్కాలి. తొక్కినా కారు ఆగలేదనుకో, ఆ క్షణమే అంతా బయటపడుతుంది. మొదటి వారం రోజూ సాయంత్రానికి పిక్కలు రాయిలా గట్టిపడేవి. తర్వాత తర్వాత ఆ మోకాలి భాష తెలిసింది. మెల్లగా లేస్తే సిగ్నల్. చటుక్కున లేస్తే సైకిలు. లేచి ఆగిపోతే, ఏమీ లేదు, ఏదో గుర్తొచ్చింది.

మూడో దీపస్తంభం. మోకాలు ఎగిరింది.

ముందు రోడ్డు ఖాళీ. ఏమీ లేదు, కాగితం ముక్క కూడా లేదు. వెనక లారీ. నడిమి అద్దం చూశాను, దూరం లెక్కేశాను, వెనకవాడికి ఎర్రదీపం కనబడేలా ముందు ఒకసారి తేలిగ్గా, తర్వాత నెమ్మదిగా, ఇంకాస్త నెమ్మదిగా తొక్కాను. కారు మోకాళ్ల మీద కూర్చుంటున్న పెద్ద జంతువులా తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. లారీ కూడా తగ్గింది. ఆమె చూపు రోడ్డుకి అడ్డంగా, ఏదో దాటిపోతున్నంతసేపు, కుడి నుంచి ఎడమకి వెళ్లింది. ఎడమ సగంలోకి వెళ్లాక ఆగిపోయింది.

“వెళ్లిపోయిందా?” అన్నాను.

“నాకంతవరకే కనపడుతుంది. నువ్వే చెప్పాలి.”

“వెళ్లిపోయింది.”

“పోనీ.”

మళ్లీ మూడో గేరు. ఇప్పుడు, ఈ క్షణంలో చెప్పొచ్చు కదా. గుర్రం వల్లే తీయించాను అనొచ్చు. నోరు తెరిచాను. సిగ్నల్ పడింది. ఆమె సీటుకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నెల రోజులుగా ఇలాగే, మాట మధ్యలో నిద్ర వచ్చేస్తుంది, అయిదు నిమిషాలు, ఏడు నిమిషాలు. మేడం నిద్రపోతుంటే నేను చెప్పడం ఆపెయ్యాలా? ఆపలేదు. గొంతు తగ్గించి చెబుతూనే ఉన్నాను. ఎడమవైపు పూలకుండీలమ్మే షాపు, ఇవాళ తెరవలేదు. బస్సు స్టాపులో ఇద్దరు నర్సులు, ఒకే గొడుగు. గోడ మీద సినిమా పోస్టరు చింపేశారు, హీరో చెయ్యి మాత్రం మిగిలింది. ఆమె పెదవుల చివర కొంచెం కదులుతుంది, నిద్రలోనో కాదో. నీకు ఈ సగానికి నేనున్నాను, అని చెప్పడం నాకు చేతకాదు. పూలకుండీలు, గొడుగు, పోస్టరు అని చెప్పగలను.

ఆ అమ్మాయి సంగతి నిన్న తేలింది. ఆసుపత్రిలో కరెంటు మిషను దగ్గర పనిచేస్తుంది, మేం మిషనమ్మాయి అంటాం. రోజూ మా ఆవిడ మొహానికి ఆ తెల్లటి వల ముసుగు తొడిగి, బల్లకి బిగించి, నేను తలుపు బయట ఉన్నాను ఆంటీ, కెమెరాలో చూస్తూనే ఉంటాను అంటుంది. ముసుగు ఆమె మొహం అచ్చుతో పోసింది, ముక్కు దగ్గర ఆమె ముక్కులాగే ఉంటుంది. మొదటి రోజు దాంట్లో ఊపిరాడడం లేదని చేతులు కొట్టుకుంది. రెండో రోజు ఆ అమ్మాయి తన డ్రైవింగ్ పరీక్ష కథ మొదలుపెట్టింది. రివర్సులో డబ్బాలు గుద్దేశానాంటీ, పరీక్ష పెట్టేవాడు దిగి పారిపోయాడాంటీ. ముసుగులో ఉన్న మనిషి నవ్వకూడదు, మొహం కదిలితే గురి తప్పుతుంది. ‘నన్ను చూసి నవ్వద్దాంటీ, నవ్వితే మళ్లీ మొదట్నించీ’ అనేది. అప్పటి నుంచీ మా ఆవిడ ఆ కథ కోసమే ముసుగు వేయించుకుంది. నిన్న ముసుగు తీస్తుండగా చెప్పింది, రేపు ఆఖరి రోజు కదా, పదిన్నరకి నీ టీ విరామంలో వెనక స్థలానికి రా, పదకొండుకి నా వంతు వచ్చేలోపు రివర్సు నేర్పేస్తాను. ఆ అమ్మాయి ఎగిరి గంతేసింది. పక్కనే నేను నిలబడి ఉన్నాను, గుండె జారి చెప్పుల్లో పడింది. అర్ధచంద్రంలా మానిపోయిన కుట్ల కింద ఆమె మొహం ఎలా వెలిగిందంటే, డాక్టరు ఎన్ని ఫిల్ములు చూపించినా నేను అలాంటి వెలుగు చూడలేదు. అప్పుడు చెప్పలేకపోయాను. ఇంటికెళ్లాక చెప్పలేకపోయాను. ఆ వెనక స్థలం చివర గోడ ఉంది, గోడ పక్కన రోగుల బంధువులు కూర్చునే బెంచీలున్నాయి.

డాక్టరుని ఒకసారి అడిగాను, ఎంతకాలం అని. ఆయన చాలా మాటలు చెప్పాడు. అలవాటు కొద్దీ వేలితో తొడ మీద షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాను. బయటికొచ్చాక ఆమె అడిగింది, ఏం రాశారు, చదవండి. నేను చదవలేదు. ‘చెరిపెయ్యండి అయితే’ అని నా తొడ మీద అరచేత్తో తుడిచేసింది. ఆ తర్వాత మళ్లీ ఆ ప్రశ్న మా ఇంట్లోకి రాలేదు.

ఆసుపత్రి మలుపు. పది ఇరవై. గేటు ముందు వరసగా కార్లు, కాపలావాడు ఒక్కొక్కటే లోపలికి వదులుతున్నాడు. ఆమె లేచింది, మొహం తుడుచుకుంది, అద్దం దించి గుడ్డ సరిచేసుకుంది, ఉద్యోగానికి వెళ్లే మనిషిలా. నాలుగు కార్లు. మూడు. ఇంక దారి లేదు.

“నీ బ్రేకు పనిచెయ్యదు,” అన్నాను.

ఆమె గేటువైపే చూస్తోంది.

“ముందు అంబులెన్స్ ఉంది. అది చెప్పలేదు నువ్వు.”

“నేను చెప్పింది వినపడిందా?”

“వినపడింది. సగం పోయింది కన్ను, చెవి కాదు.”

“తొమ్మిదో రోజు తీయించాను. గుర్రం వచ్చిన రోజు. మీ అన్నయ్య తప్పేం లేదు, నేనే—”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“పదో రోజు కారెక్కిన అయిదో నిమిషంలో తెలిసింది. స్ప్రింగుకీ బ్రేకుకీ తేడా తెలియకపోతే నేనేం మేడాన్ని? ఇరవై రెండేళ్లు దాని మీదే కాలుపెట్టి బతికాను.” ఆమె నావైపు తిరిగింది. “అన్నయ్యకి ఫోన్ చేసి తిట్టాను. ఆ వారం పళ్లు పట్టుకుని చూడ్డానికొచ్చాడే, చూడ్డానికి కాదు, తిట్లు తినడానికి. నువ్వు వంటింట్లో టీ పెడుతున్నావు.”

రెండు కార్లు. వెనకవాడు హారన్ కొట్టాడు. నేను ముందుకి జరపడం మరిచిపోయాను. జరిపాను.

“మరి ఎందుకు తొక్కావు? ఇరవై రోజులు ఉత్తుత్తి బ్రేకు తొక్కుతూ కూర్చున్నావా?”

“ఉత్తుత్తిదేంటి? తొక్కితే కారు ఆగుతోంది కదా. ఆగే బ్రేకుని ఉత్తుత్తిదని ఎవడంటాడు?”

ఆమె ముందుకి వంగి కుడికాలితో ఆ ఇనుపముక్కని నెమ్మదిగా నొక్కింది. నా కాలు దానంతటదే నా బ్రేకు మీదికి వెళ్లింది. కారు ఆగింది. ఆమె కాలు తీసింది. నా కాలు లేచింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఆగింది. ఆమె పకపకా నవ్వడం మొదలుపెట్టింది, కుట్ల దగ్గర నొప్పి పుట్టి తల పట్టుకుని మరీ నవ్వింది. “చూశావా? ఇంత మంచి బ్రేకు ఏ కంపెనీవాడూ చెయ్యలేదు.” నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, ఇరవై రోజులుగా రెండు భుజాల మధ్య బిగిసి ఉన్నదేదో ఊడి కింద పడినట్టుంది.

“భయస్తులకి చివరి వారం నేనూ ఇదే పని చేసేదాన్ని,” అంది నవ్వు ఆగాక. “నా బ్రేకు చూసుకుని వాళ్లు తొక్కరు. చెప్పకుండా రాడ్డునీ పెడలునీ కలిపే పిన్ను తీయించేసేదాన్ని. వారం తర్వాత చెబితే మొహాలు చూడాలి. నువ్వెప్పుడూ అడగలేదు కాబట్టి నీకు తెలియదు. అందుకే పదో రోజు నాకు కోపం రాలేదు. వచ్చింది, అయిదు నిమిషాలు. తర్వాత గుర్రం మళ్లీ వచ్చింది. నేను తొక్కాను. నా తొక్కుడుకే కారు ఆగి ఉంటే లారీ మన మీదుండేది. నువ్వు అద్దం చూసి తొక్కావు. అది గుర్రం కాదని బుర్రకి తెలుసు. కాలికి తెలిసే లోపు కాలు వెళ్లిపోతోంది. నా కాలిని నేనింక నమ్మను. నీ కాలు నమ్మాను.”

గేటు. కాపలావాడు కారు మీది డ్రైవింగ్ స్కూలు ఎర్ర అక్షరాలు చూసి, “ఇవాళ ఆఖరా మేడం?” అన్నాడు. “వీడికి ఆఖరు,” అని నన్ను చూపించింది, “నాకు ఇంకో స్టూడెంటు ఉంది.”

“ఆ అమ్మాయి సంగతేంటి మరి?” అన్నాను లోపలికి తిప్పుతూ. “నేను చెప్పకపోయుంటే?”

“గేటు దాటాక నేనే చెప్పేదాన్ని. గేటు దాకా ఆగుదామనుకున్నా. నువ్వు ఎంత నీళ్లు నములుతావో చూడాలని కూడా ఉంది, అబద్ధమెందుకు.” చేతిసంచీలో కుడి సగం వెతికింది, దొరకలేదు, నేను సంచీ తిప్పి పట్టుకున్నాను, దొరికింది. చూపుడువేలంత పిన్ను, కాగితంలో చుట్టి. “అన్నయ్య ఇచ్చి వెళ్లాడు. దిగు. నేను చెబుతాను, నువ్వు పెట్టు.”

మిషనమ్మాయి అప్పటికే బెంచీ దగ్గర నిలబడి ఉంది, మెళ్లో గుర్తింపు కార్డు, చేతిలో తాగని టీ కప్పు. నేను పక్క సీటు ముందు పెడలు కింద తలపెట్టి, కాళ్లు బయటికి చాపి వెల్లకిలా పడుకున్నాను. ముప్ఫై ఏళ్లలో చేతికి సిరా తప్ప ఏదీ అంటనివాడిని. పై నుంచి ఆమె గొంతు, నేను కోర్టులో విన్న ఏ గొంతుకన్నా స్పష్టంగా. ముందు స్ప్రింగు లాగెయ్యి. రాడ్డు చివర రంధ్రం, పెడలు చెవి, రెండూ ఒక వరసలోకి తే. తెచ్చావా? పిన్ను దూర్చు. గుచ్చడం కాదు, దూర్చడం. చివర తీగ వంచు. ఆమె చెప్పింది చెప్పినట్టు చేశాను, ఒక్క పొల్లు పోలేదు. “అంకుల్‌కి ఇవన్నీ వచ్చా ఆంటీ?” అంది ఆ అమ్మాయి. “రావు. చెబితే రాసుకుంటాడు,” అంది ఈమె. లేచి తొక్కి చూశాను. గట్టిగా ఉంది. బరువుగా, నిజంగా ఉంది. ఆ స్ప్రింగు దీనిలాగే ఉంటుందని ఇన్నాళ్లూ ఎలా అనుకున్నానో.

దిగి, ఆమె కూర్చోడానికి తలుపు పట్టుకున్నాను. ఆమె కూర్చోలేదు. వెనక తలుపు తీసుకుని, ఎడమ మూలకి జరిగి, అక్కడి నుంచి ఒకసారి తల సర్దుకుని చూసింది, ఆమెకి మిగిలిన సగంలో ముందు సీట్లు రెండూ పట్టేలా.

“నువ్వెక్కు. పక్క సీటు నీది.”

“నేనా?”

“మరి నా కాలు ఎక్కడుంది? ఎక్కు.”

ఎక్కాను. సీటు బెల్టు టక్కుమంది. ఆ సీట్లోంచి చూస్తే రోడ్డు వేరేగా ఉంటుందని నాకు తెలియదు. చేతులకి పని ఉండదు, స్టీరింగ్ వేరేవాళ్ల చేతుల్లో ఉంటుంది, మనకుండేది ఒక్క పెడలు. ఇరవై రెండేళ్లు ఈమె ఇక్కడ కూర్చుంది. ఆ అమ్మాయి స్టీరింగ్‌ని కాలుతున్న పెనంలా పట్టుకుంది. క్లచ్, రివర్సు, అద్దం. వెనక నుంచి, “చెప్పు. కనబడిందల్లా చెప్పు, భయం దానంతటదే పోతుంది.”

“వెనక... వెనక ఖాళీ ఆంటీ—”

“మేడం.”

“మేడం. కుడివైపు నీళ్ల ట్యాంకరు. ఎడమవైపు... ఎడమవైపు బెంచీలు, ఒకాయన పేపరు చదువుతున్నాడు. పావురాలు. వెనక గోడ.”

గోడ అన్న మాట వినపడగానే కారు వెనక్కి ఊగింది, వేగం పుంజుకుంది, నా మోకాలు దానంతటదే లేచింది, రెండు కాళ్లతోనూ తొక్కేశాను. కారు కుదుపుతో ఆగిపోయింది. పావురాలు లేచిపోయాయి. ఆ అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది. పేపరాయన తలెత్తి చూసి మళ్లీ పేపరులోకి వెళ్లిపోయాడు.

“ఎందుకు తొక్కావు?” అంది వెనక నుంచి మేడం.

“గోడ...”

“వెనక్కి తిరిగి చూడు. గోడ ఎక్కడుంది?”

తిరిగి చూశాను. ఆమె మొహం, గుండ్రంగా, గుడ్డ ఒక పక్కకి జారి, చెమటతో మెరుస్తూ, ఇంత సంతోషంగా. ఆమె భుజం మీదుగా వెనక అద్దంలోంచి ఖాళీ స్థలం. ఇంకా పది కార్లు నిలబెట్టేంత ఖాళీ. ఆ చివరెక్కడో గోడ, ఎండలో.

“బోలెడు దూరం ఉంది,” అంది. “ఇప్పట్నుంచే తొక్కి కూర్చుంటే ఎలా? కాలు తియ్యి. పోనివ్వు.”

కాలు తీశాను.